గరాజ్‌లో రీలోడింగ్: ప్రెస్ కొనే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: అన్నగారికి నమస్తే. మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. గ్రీన్‌కార్డ్ వచ్చాక నాకు షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం అలవాటైంది. ఒక 9 ఎంఎం పిస్టల్, జింకల వేట కోసం ఒక .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉన్నాయి. రైఫిల్ రౌండ్ల ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటోంది. అందుకే కాల్చేసిన ఖాళీ ఇత్తడి కేసులతో ఇంట్లోనే మళ్లీ రౌండ్లు తయారుచేసుకునే రీలోడింగ్ మొదలుపెడదామనుకుంటున్నాను. ఆఫీసులో ఒక స్నేహితుడు ఆ పనికి వాడే తన పాత ప్రోగ్రెసివ్ ప్రెస్ తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. దాంతోపాటు ఒక సీసాలో మిగిలిన పౌడర్ ఇచ్చి, తను వాడే కొలత కూడా రాసిస్తాడట. ఒక్క వీకెండ్‌లో ఐదొందల రౌండ్లు చేసేయొచ్చంటాడు. మా బావమరిది హెచ్‌1బి మీద వచ్చి మాతోనే ఉంటున్నాడు, తనూ సాయం చేస్తానంటున్నాడు. మా ఆవిడకు మాత్రం ఇంట్లో మందుగుండు అంటేనే టెన్షన్. పిల్లలకు ఆరేళ్లు, రెండేళ్లు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సమాధానం: మొదలుపెట్టండి, కానీ మీ స్నేహితుడు చెప్పిన పద్ధతిలో వద్దు. ఆయన ఇస్తానన్న మూడింటిలో ప్రెస్ ఒక్కటే పనికొస్తుంది, అదీ ఇప్పుడే కాదు. సీసాలో పౌడర్ తీసుకోకండి. రాసిచ్చే కొలత అసలే వద్దు. ఎందుకో చెబుతాను. అంతకంటే ముందు మీ బావమరిది సంగతి తేల్చాలి. అక్కడ తేడా వస్తే దిద్దుకోవడం మన చేతిలో ఉండదు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ మందుగుండు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్‌1బి, హెచ్‌4, ఎఫ్‌1 అన్నీ ఇందులోకే వస్తాయి. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. ఆ చట్టం దృష్టిలో మందుగుండు అంటే తయారైన రౌండ్ ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్ (కేసు అడుగున ఉండి పౌడర్‌ను అంటించే చిన్న బిళ్ల), బుల్లెట్ (రౌండు కొసన ఉండి దూసుకెళ్లే ముక్క), పౌడర్, వీటిలో ఏ ఒక్కటైనా మందుగుండే. ఖాళీ కేసులు తుడిచిపెడతాను, అంతేగా అని మీ బావమరిది అనుకోవచ్చు. చట్టం అలా అనుకోదు. అతనికి ఇవి అందించిన మీదా తప్పవుతుంది. ఆయుధాల కేసు పడితే ఇమిగ్రేషన్ మీద పడే దెబ్బ వేరే చెప్పాలా? మినహాయింపు తనకు వర్తిస్తుందో లేదో లాయర్ కాగితం మీద చెప్పేదాకా అతను ఆ బల్ల దగ్గరికి రాకపోవడమే మంచిది. సామాను తాళం వేసి ఉండాలి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.

ఇక మీ వరకు: గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లు సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ ఏదీ అక్కర్లేదు. డబ్బు తీసుకుని వేరేవాళ్లకు చేసిపెట్టే వ్యాపారానికి మాత్రం టైప్ 06 లైసెన్స్ కావాలి. మీరు చేస్తున్నారని తెలిస్తే రేంజ్‌లో పరిచయస్తులు 'నాకూ ఒక వంద చేసిపెట్టు, ఖర్చు ఇస్తాను' అంటారు. మొహమాటపడకుండా వద్దనేయండి. లైసెన్స్ మాట పక్కన పెట్టినా, మీ చేత్తో చేసిన రౌండ్ వేరేవాళ్ల తుపాకీలో ఎలా ప్రవర్తిస్తుందో మీకు తెలియదు. అదే కారణంతో వేరేవాళ్లు రీలోడ్ చేసిన రౌండ్లు మీరూ కాల్చకండి, ఆ మనిషి ఎంత మంచివాడైనా సరే.

సీసాలో పౌడర్ దగ్గరికి వద్దాం. పొగరాని పౌడర్లు వందకు పైగా రకాలున్నాయి. చూడటానికి చాలావరకు ఒకేలా ఉంటాయి: నల్లటి చిన్న కడ్డీలో, గుండ్రని రేకులో, బూడిదరంగు గింజలో. కంటితో చూసి ఏది ఏదో చెప్పగలిగేవాళ్లు లేరు. వేగంగా మండే పిస్టల్ పౌడర్‌ను రైఫిల్ కేసు నిండా పోస్తే రైఫిల్ చేతిలోనే పగులుతుంది. పేర్లు కూడా మోసం చేస్తాయి. మీ .308కి వాడదగ్గ వాటిలోనే ఐఎంఆర్ 4895 అని ఒకటి, హెచ్4895 అని ఒకటి ఉన్నాయి. అంకె ఒకటే, పౌడర్లు వేరు, కొలతలు వేరు. అందుకే కంపెనీ డబ్బాలో, కంపెనీ లేబుల్‌తో, మీరే సీలు తీసినది తప్ప వేరే పౌడర్ ఇంట్లోకి రానివ్వకండి. బల్ల మీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. పని అయిపోగానే మెజరులో (పౌడర్ కొలిచి పోసే పనిముట్టులో) మిగిలినది అదే డబ్బాలోకి తిరిగి వెళ్లాలి. రేపు మళ్లీ చేద్దాంలే అని మెజరులో వదిలేశారంటే, రెండు వారాల తర్వాత అది ఏ పౌడరో ఎవరికి గుర్తుంటుంది?

కొలత రాసిస్తానన్నది మీ స్నేహితుడి మంచితనమే, కాదనను. కానీ ఆ అంకె ఆయన రైఫిల్‌ది. ఆయన బ్యారెల్, ఆయన బ్రాస్ (ఇత్తడి కేసులు), ఆయన బుల్లెట్, ఆయన ప్రైమర్. వీటిలో ఒక్కటి మారినా లోపలి ప్రెషర్ మారుతుంది. ఉదాహరణకు మిలిటరీ బ్రాస్ గోడలు తరచుగా కాస్త మందంగా ఉంటాయి. లోపల చోటు తగ్గుతుంది కాబట్టి అదే పౌడర్‌కు ప్రెషర్ పెరుగుతుంది. వంటలో ఉప్పు చేతి అంచనాతో వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. బుల్లెట్, పౌడర్ లేదా రీలోడింగ్ పనిముట్లు తయారుచేసే కంపెనీలు అచ్చువేసే రీలోడింగ్ మాన్యువల్ ఒకటి కొనండి. హార్నడీ, లైమన్, స్పీర్ లాంటివాళ్లు ఇస్తారు. హాడ్జ్‌డన్ కంపెనీ తన పౌడర్ల డేటా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడుతుంది. ఒకటి కాదు, రెండు చోట్ల చూసి పోల్చుకోండి. అంకెలు కొంచెం తేడాగా ఉంటాయి, ఎందుకంటే వాళ్లు పరీక్షించిన బ్యారెళ్లు వేరు. 'స్టార్ట్' అని రాసిన కొలతతోనే మొదలుపెట్టాలి. గరిష్ఠ కొలత మాత్రమే ఇచ్చివుంటే మామూలుగా అందులో 10 శాతం తగ్గించి మొదలుపెడతారు. అయితే దీనికీ మినహాయింపులున్నాయి. హెచ్110 లాంటి పౌడర్‌ను అంతగా తగ్గించడం కూడా ప్రమాదమే. కాబట్టి ఆ పౌడర్ గురించి దాని కంపెనీ ఏం రాసిందో ఆ పేజీ మొత్తం చదవాలి, అంకె ఒక్కటీ ఎత్తి రాసుకుంటే సరిపోదు.

చాలామంది కొత్తవాళ్లకు పిస్టల్ రౌండ్లతో మొదలుపెట్టమని చెబుతారు. నిటారుగా ఉండే కేసు, గట్టి కార్బైడ్‌తో చేసిన డై (కేసును అసలు కొలతకు నొక్కే అచ్చు) వాడితే లూబ్ (కేసుకు రాసే జిడ్డు) కూడా పెద్దగా అక్కర్లేదు, పని తేలిక. మీకు నేను దానికి భిన్నంగా .308తో మొదలుపెట్టమంటాను. కారణం ఒక్కటే: 9 ఎంఎం కేసులో చాలా పౌడర్లు అడుగున కొంచెమే పడతాయి. పొరపాటున రెండోసారి పోసినా కేసులో పట్టేస్తాయి, బయటికి తెలియదు. రెట్టింపు పౌడర్ పడ్డ రౌండ్ పిస్టల్‌ను ముక్కలు చేస్తుంది. .308లో మామూలు రైఫిల్ పౌడర్ కేసును దాదాపు నింపేస్తుంది, రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది. కొత్తవాడి చేతికి ఇంతకంటే మంచి కాపలా లేదు.

ఖర్చు లెక్క కూడా అటే మొగ్గుతుంది. ఒక పౌండు పౌడర్ అంటే 7000 గ్రెయిన్లు. .308కి ఒక్కో రౌండుకు నలభై పైచిలుకు గ్రెయిన్లు పడుతుందనుకుంటే పౌండుకు 160 రౌండ్ల దాకా వస్తాయి. (ఇది ఖర్చు లెక్క మాత్రమే, కొలతగా తీసుకోకండి.) రైఫిల్ రౌండులో ఖరీదైన భాగం ఇత్తడి కేసు. దాన్ని సరిగా చూసుకుంటే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, మిగిలేది అక్కడే. 9 ఎంఎం ఫ్యాక్టరీ రౌండ్లు చౌక కాబట్టి అందులో మిగిలేది చాలా తక్కువ. ఒక మాట ముందే చెప్పాలి: రీలోడింగ్ మొదలుపెట్టినవాళ్లలో చాలామంది డబ్బు ఆదా చేయరు, అదే డబ్బుకు ఎక్కువ కాలుస్తారు. మీ రైఫిల్‌కు సరిగ్గా నప్పే రౌండు మీ చేత్తో తయారవుతుందన్నదే దీనిలో అసలు లాభం.

అందుకు ప్రోగ్రెసివ్ ప్రెస్ వద్దు, సింగిల్ స్టేజ్ ప్రెస్ కావాలి. ప్రోగ్రెసివ్‌లో పిడి ఒక్కసారి లాగితే నాలుగైదు కేసుల మీద నాలుగైదు పనులు ఒకేసారి జరుగుతాయి. చేయి తిరిగినవాడికి అది వరం. ఏ పని తప్పిందో చూసి పట్టుకోలేని కొత్తవాడికి మాత్రం అది తప్పులను వేగంగా తయారుచేసే యంత్రం. సింగిల్ స్టేజ్‌లో ఒక్కో కేసు ఒక్కో పనికి మీ చేతిలోకి వస్తుంది, ప్రతిసారీ మీ కన్ను దాని మీద పడుతుంది. మీ స్నేహితుడి ప్రెస్ మంచి కంపెనీదైతే తీసుకుని అటక మీద పెట్టండి, పిస్టల్ రౌండ్ల దాకా వచ్చినప్పుడు దించుకోవచ్చు.

ప్రెస్‌తోపాటు .308 డై సెట్, కేసు అడుగును పట్టుకునే షెల్ హోల్డర్, పౌడర్ తూచే స్కేల్, దాన్ని సరిచూసే చెక్ వెయిట్లు, పొడవు కొలిచే కాలిపర్, కేసు పొడవు కోసే ట్రిమ్మర్, కేసు మూతి అంచులు తీసే చిన్న పనిముట్టు, లూబ్, గరాటు, కేసులు నిలబెట్టుకోవడానికి యాభై రంధ్రాల లోడింగ్ బ్లాక్, తప్పు చేసిన రౌండు విప్పడానికి సుత్తిలాంటి బుల్లెట్ పుల్లర్ కావాలి. చాలా కంపెనీలు వీటిలో ఎక్కువభాగం ఒక కిట్‌గా అమ్ముతాయి. పౌడర్, ప్రైమర్లు మొదటిసారి దగ్గర్లోని షాపులోనే కొనండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకరమైన సరుకుకు వేసే హాజ్‌మ్యాట్ ఫీజు పడుతుంది, ఒక డబ్బా కోసం అది దండగ.

పని ఎలా సాగుతుందో చెబుతాను. మీ రైఫిల్‌లో మీరే కాల్చిన ఫ్యాక్టరీ బ్రాస్‌తో మొదలుపెట్టండి. రేంజ్‌లో నేల మీద ఏరుకున్నది ఎన్నిసార్లు వాడారో తెలియదు. కేసు మూతిలోంచి టార్చి వేసి చూడండి, అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటే అది బాక్సర్ రకం, మనకు పనికొస్తుంది. రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్, పక్కన పడేయండి. స్టీలు, అల్యూమినియం కేసులు కూడా అంతే. శుభ్రం చేసిన కేసుకు లూబ్ రాసి సైజింగ్ డైలోకి తోస్తే పాత ప్రైమర్ కింద పడుతుంది, ఉబ్బిన కేసు మళ్లీ అసలు కొలతకు వస్తుంది. లూబ్ తక్కువైతే కేసు డైలో ఇరుక్కుని దాని అడుగు అంచు ఊడొస్తుంది. ఎక్కువైతే కేసు భుజం మీద, అంటే మూతి కింద సన్నబడే చోట, నొక్కు పడుతుంది. వేళ్ల మధ్య పలచటి జిడ్డు తగిలితే చాలు.

సైజు చేశాక పొడవు కొలవాలి, ఎందుకంటే కాల్చినప్పుడల్లా ఇత్తడి కొంచెం సాగుతుంది. .308 కేసు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు. దాటితే 2.005కు కోస్తారు. కోయకుండా వదిలేస్తే మూతి ఛాంబర్ (తుపాకీలో రౌండు కూర్చునే చోటు) చివర తగిలి బుల్లెట్‌ను బిగబట్టుకుంటుంది, ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ సాగిన ఇత్తడి ఎక్కడి నుంచి వచ్చిందంటే కేసు అడుగుకు కాస్త పైన ఉన్న గోడలోంచి. అక్కడ గోడ పలచబడుతుంది. ఒక పేపర్ క్లిప్ సాగదీసి కొస చిన్నగా వంచి, మూతిలోంచి దించి లోపలి గోడ వెంట కింది నుంచి పైకి గీకి చూడండి. అడుగు దగ్గర గాడిలా తగిలితే ఆ కేసు ఆయుష్షు అయిపోయినట్టే. బయట అదే చోట మెరిసే గీత కనిపించినా అంతే. ప్లయర్‌తో మూతి నొక్కి పారేయండి, మళ్లీ డబ్బాలో కలవకుండా ఉంటుంది.

తర్వాత కొత్త ప్రైమర్. ఈ పని చేసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ప్రైమర్ కేసు అడుగు కంటే ఒక వెంట్రుక లోపలికి దిగాలి. వేలితో తడిమితే తెలుస్తుంది. పైకి తేలితే ఆ కేసు మళ్లీ నొక్కాలి, సుత్తితో కాదు, పనిముట్టుతోనే.

పౌడర్ పోసే గంట ఇంట్లో వేరే పని ఏదీ ఉండకూడదు. ఫోన్ లోపల పెట్టి రండి. ఫ్యాన్, ఏసీ గాలి స్కేల్‌కు తగిలితే అంకె తూగుతూ ఉంటుంది, కాబట్టి ఆపేయండి. స్కేల్‌ను చెక్ వెయిట్‌తో మొదట ఒకసారి, మధ్యలో ఒకసారి సరిచూడండి. ఒక్కో కొలత తూచి, గరాటుతో పోసి, కేసు బ్లాక్‌లో పెట్టండి. ఖాళీ కేసులు బోర్లా, పోసినవి నిటారుగా పెట్టుకుంటే తికమక ఉండదు. అన్నీ అయ్యాక, బుల్లెట్ ఒక్కటి కూడా పెట్టకముందు, టార్చి పట్టుకుని బ్లాక్ మీద వంగి ప్రతి కేసులోకీ చూడండి. పౌడర్ మట్టం అన్నిటిలో ఒకే ఎత్తున కనిపించాలి. ఒకటి ఎక్కువో తక్కువో అనిపిస్తే తీసి మళ్లీ తూచండి. పిల్లలు పిలిచారని మధ్యలో లేచారా, వచ్చాక చివరి కేసు ఖాళీ చేసి మళ్లీ పోయండి. నన్నడిగితే మొత్తం రీలోడింగ్‌లో ఇంతకంటే ముఖ్యమైన పని లేదు.

ఆపైన బుల్లెట్‌ను మాన్యువల్ చెప్పిన మొత్తం పొడవుకు దించడం, పెట్టె మీద తేదీ, బుల్లెట్, పౌడర్ పేరు, కొలత, ప్రైమర్, బ్రాస్ ఎన్నోసారో రాయడం. మొదటిసారి ఇరవై రౌండ్లు చాలు. ఐదొందల మాట మరచిపోండి. కొలత తప్పని తేలితే ఇరవై విప్పడం ఒక సాయంత్రం పని, ఐదొందలు విప్పడం శిక్ష. అన్నట్టు, కొన్ని రేంజ్‌లు ఫ్యాక్టరీ రౌండ్లనే అనుమతిస్తాయి, ముందే అడగండి. రీలోడ్ వాడితే వారంటీ చెల్లదని తుపాకీ కంపెనీలు తరచుగా రాస్తాయి, అదీ తెలిసి ఉండాలి.

కాల్చేటప్పుడు బోల్ట్ ఎత్తడం బరువుగా ఉన్నా, ప్రైమర్ అంచులు చదునైపోయినా, కేసు అడుగున మెరిసే ముద్ర పడినా అక్కడితో ఆపండి. ఇవేవీ కనిపించనంత మాత్రాన ప్రెషర్ సరిగా ఉన్నట్టు కాదు, కాబట్టి మాన్యువల్ గరిష్ఠం దాటే ఆలోచన వద్దు. ఎప్పుడైనా పెద్ద చప్పుడు రాకుండా 'టప్' మని చిన్నగా వినిపించి, భుజానికి దెబ్బ తగలకపోతే, రెండో రౌండు వేయకండి. పౌడర్ లేకుండా ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్ మధ్యలోకి తోసి ఉండవచ్చు. వెనకాల ఇంకొకటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది. తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ తేటగా ఉందో లేదో చూశాకే మిగతా మాట.

ఇప్పుడు మీ ఆవిడ టెన్షన్. ఆమె భయపడుతున్నది పేలుడు గురించి అయుంటుంది. నేను ఎక్కువ పట్టించుకోమనేది సీసం గురించి. మామూలు ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది. కాల్చిన కేసుల లోపలి మసిలో అది మిగులుతుంది. శుభ్రం చేయడానికి పొడి టంబ్లర్ యంత్రంలో కేసులు తిప్పితే ఆ ధూళి గాల్లోకి లేస్తుంది. రెండేళ్ల పిల్ల నేల మీద ఆడుతుంది, చేతులు నోట్లో పెట్టుకుంటుంది. చిన్నపిల్లల ఒంట్లో ఇంత సీసమైతే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదు. రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే చర్య తీసుకోవాలని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో హద్దు తగ్గించింది. అందుకని కేసులు నీళ్లలో కడిగే వెట్ టంబ్లింగ్ ఎంచుకోండి, వంటింటి సింకు దగ్గరికి ఆ నీళ్లు రానివ్వకండి. ఆ బల్ల దగ్గర టీ, టిఫిన్ ఏదీ వద్దు. ఆ పనికి వేరే చొక్కా, వేరే చెప్పులు. లోపలికి వచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలను ఎత్తుకునేది ఆ తర్వాతే. మీ రక్తపరీక్షలో సీసం కూడా చూడమని డాక్టర్‌ను అడగండి, మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆపైన ఏడాదికోసారి.

నిల్వ విషయంలో టెక్సాస్ గరాజ్ పనికిరాదు. ఎండాకాలం ఆ వేడికి పౌడర్ పాడవుతుంది. చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ కూడా అక్కడే మంటతో ఉంటుంది. ప్రెస్ గరాజ్‌లో పెట్టుకోండి, పౌడర్ మాత్రం ఇంట్లో చల్లటి, పొడి అల్మరాలో పిల్లలకు అందని ఎత్తున తాళం వేసి ఉంచండి. బరువైన ఇనప సేఫ్‌లో మాత్రం పెట్టకండి. పొగరాని పౌడర్ బయట ఉంటే భగ్గున మండుతుంది, గట్టి ఇనప పెట్టెలో బంధిస్తే ఆ మంటే పేలుడవుతుంది. చెక్క పెట్టె మంచిది. అగ్నిప్రమాదాల నివారణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వాళ్ల 495 ప్రమాణం ప్రకారం ఇంట్లో కంపెనీ డబ్బాల్లో 20 పౌండ్ల దాకా, ప్రైమర్లు 10,000 దాకా ఉంచుకోవచ్చు. మీ ఊరి ఫైర్ కోడ్ ఇంతకంటే తక్కువ చెబితే అదే చెల్లుతుంది. మీకు ఒక డబ్బా, కొన్ని వందల ప్రైమర్లు చాలు. ప్రైమర్లు వాటి ట్రేల్లోనే ఉండాలి. ఒక సీసాలో కుమ్మరిస్తే ఒకటి పేలి అన్నిటినీ లేపుతుంది. ఇవన్నీ మీ ఆవిడకు చూపించి, తాళం ఎక్కడుందో చెప్పి, ఆమె సరేనన్నాకే మొదలుపెట్టండి. వీలైతే తుపాకీదారుల సంఘం ఎన్‌ఆర్‌ఏ వాళ్ల మెటాలిక్ కార్ట్రిడ్జ్ రీలోడింగ్ క్లాస్ దగ్గర్లో ఎక్కడ ఉందో కనుక్కుని ఇద్దరూ వెళ్లండి.

ఇండియాలో లైసెన్స్ తుపాకీ ఉన్న పాఠకులు కొందరు ఇది చదువుతుండొచ్చు. అక్కడ ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. ఈ సలహా వాళ్లకు వర్తించదు. మీరు కూడా సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు రేంజ్‌కి వాడిన బ్యాగ్ ప్రయాణానికి వాడకండి. అడుగున మిగిలిన ఒక్క రౌండు శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా పోలీసు కేసు అవుతుంది. ఆ చట్టంలోనూ మందుగుండు విడిభాగాలు మందుగుండు కిందికే వస్తాయి కాబట్టి ఖాళీ కేసు కదా అని వదిలేయకండి. రేంజ్ బ్యాగ్‌కు ఒక రంగు రిబ్బన్ కట్టి, సూట్‌కేసులు ఉండే గదిలోకి దాన్ని రానివ్వకండి.